బీరయ్య మంద మేసిన మేత

దామరచర్ల అవతల, మూసీ కృష్ణలో కలిసే రేవులో చేపలు పొట్టలు తేలేశాయి. అది 2012 ఎండాకాలం. అదే పొద్దున బీరయ్య అక్కడ గొర్రెల్ని కడుగుతున్నాడు. ఉన్ని కత్తిరించే ముందు మందను కడగడం గొర్రెల కాపరులకు తాతల నాటి అలవాటు. చేపలు పట్టేవాళ్లకు వేరే సాక్ష్యం అక్కరలేకపోయింది. వాళ్లలో నాంచారయ్య పడవ తెడ్డుతో ఒక్కటేస్తే బీరయ్య కుడిచెయ్యి ఎండుపుల్లలా విరిగింది. రెండు పొట్టేళ్లను అతని కళ్లముందే నరికారు.

"నీ గొర్ల పెంటనే మా చాపల్ని సంపింది. మల్ల రేవుల కనపడ్డవో, మంద మొత్తం ఖతం!"

ఆ రేవు లేకపోతే మందకు తాగే నీళ్లు లేవు.

ఆ రోజే హిమజ అక్కడి బురద సీసాల్లో పట్టుకెళ్లింది. కోదాడ పిల్ల. కృష్ణ సముద్రంలో కలిసే చోట పేరుకునే కార్బన్ ఏ నేల నుంచి కొట్టుకొస్తోందో తేల్చే చదువు ఆమెది. నెల తర్వాత వచ్చి, అందరినీ రేవు దగ్గర కూడేసి చెప్పింది.

"కార్బన్‌లో తేలికది, బరువుది అని ఉంటాయండీ. జొన్నలో వాటి పాళ్లు వేరు, వరిలో వేరు. మేసిన మేత పాళ్లే గొర్రె పెంటలోనూ కనపడతాయి. ఈ బురదలో కుళ్లింది వరి. అది కుళ్లడం వల్లే చేపలకు ఊపిరాడలేదు. బీరయ్య గారూ, మీ గొర్రెలు ఏం మేశాయి?"

అందరి చూపూ అతని మీదే. ఎగువన వడ్లు నానబెట్టిన నీళ్లు వదిలే మిల్లు ఉంది. కానీ కోతలయ్యాక బీరయ్య మంద కూడా వరిమళ్లలోనే ఉంది. ఎరువు కోసం రైతులే రాత్రుళ్లు మందను మళ్లలో పడుకోబెట్టించుకుంటారు. పగలు కోతకు మిగిలిన వరి కొయ్యకాళ్లే మేత.

నాంచారయ్య చేతిలో అదే తెడ్డు.

"జొన్నసొప్పనే బిడ్డా," అన్నాడు బీరయ్య.

"అయితే మిల్లోడేరా! పట్టుండ్రి!"

నాంచారయ్య అరుపుకు గుంపు లేచింది. అబద్ధమాడేటప్పుడు భయంలో బీరయ్యకు మందే కనపడింది గాని, మిల్లు గేటు దగ్గర కాపలా ఉండే బామ్మర్ది వీరేశం కనపడలేదు. కట్టుతో వేలాడే చేత్తో పరుగెత్తాడు. చేరేసరికి వీరేశం కిందపడి నెత్తురు ఉమ్ముతున్నాడు.

"నేను జీతగాణ్ని, అన్నా!"

బీరయ్య అతని మీద బోర్లా పడ్డాడు.

"ఆపుండ్రి! అబద్ధం జెప్పిన! నా గొర్లు మేసింది గూడ వరే!"

నాంచారయ్య తెడ్డు గాల్లోనే ఆగింది.

"మరి మా చాపల్ని సంపిందెవడ్రా?"

మిల్లుదీ వరే, మందదీ వరే; ఏది చంపిందో బురద చెప్పదు. తెడ్డు దిగింది. ఈసారి ఎడమచెయ్యి.