గూడ్సు గార్డు, ఫేవరెట్ గుర్రం

తార్నాకలో నేను అద్దెకున్న ఇంటి యజమాని రైల్వేలో గూడ్సు గార్డుగా పనిచేసి రిటైరైనవాడు. వీధిలో అందరూ ఆయనను గార్డు సాబ్ అనేవారు. నేను గార్డుగారూ అనేవాణ్ణి. అవి అరవైల చివరి సంవత్సరాలు. కోస్తా నుంచి వచ్చి, విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. పరిశోధన అంటే పగలంతా ఒక పరికరం తప్పు చెబుతోందని రుజువు చేసుకోవడం. ఆ అలవాటు నాతోబాటు ఇంటికి కూడా వచ్చేది. వాననీళ్లలో కందిపప్పు తొందరగా ఉడుకుతుందని గార్డుగారి భార్య ఒకసారి అన్నది. రెండు గిన్నెల్లో పెట్టి చూశాను. నిజమే. ఆ సంగతి చెబితే ఆమె ఏమీ ఆశ్చర్యపడలేదు.

గార్డుగారు ప్రతి శనివారం మధ్యాహ్నం మెడలో దుర్భిణీ వేసుకుని మలక్‌పేట గుర్రప్పందేలకు వెళ్లేవాడు. ఆయనకు ఒకే ఒక సూత్రం ఉండేది: ఫేవరెట్ మీద కాయకూడదు. ఎక్కువమంది పందెం కాసిన గుర్రాన్ని అక్కడ ఫేవరెట్ అంటారు. అది గెలిస్తే చేతికొచ్చేది స్వల్పం. కానీ గార్డుగారి అభ్యంతరం అది కాదు.

“సారూ, లైనంత ఖాళీ చేసి, సిగ్నళ్లన్ని ఇచ్చి, జరుగుండ్రి జరుగుండ్రి అని పంపేది మేల్ బండిని. ఫేవరెట్ గూడ గంతే. నేను నౌకరీ అంత పక్క లైన్ల పడి ఉన్నోన్ని. చేతుల పచ్చజెండా ఉన్నది గని బండి కదలదు. మేల్ పోయినంకనే మనం. ఇప్పుడు పెన్షన్ తీసుకొని గూడ మేల్‌కే దండం పెట్టాల్నా?”

“అది కారణం కాదండీ. కోపం.”

“కోపం కారణం గాదా?”

పరీక్షకు నిలిచే ప్రశ్న కాదది, వదిలేశాను. అయితే ఆయన ఇంకో మాట కూడా అనేవాడు: పెద్ద ఫేవరెట్ పక్కాగా ఓడిపోతుందని. దీన్ని పరీక్షించవచ్చు. క్యాంపస్ లైబ్రరీలో పాత దినపత్రికలు కట్టలు కట్టి ఉంచేవారు. తీరిక దొరికినప్పుడల్లా వెళ్లి, ఆటల పేజీలో పందేల ఫలితాలు చూడడం మొదలుపెట్టాను. అక్కడి ఉద్యోగి నన్ను మొదట అనుమానంగా చూశాడు. ఆ తర్వాత, శనివారం ఏ గుర్రం మీద కాయమంటారని రహస్యంగా అడిగాడు.

తేలిందేమిటంటే, మామూలు ఫేవరెట్లు గెలిచిన సార్లకంటే ఓడిన సార్లే ఎక్కువ. ఈ సంగతి వినగానే గార్డుగారు భార్యను వంటింట్లోంచి పిలిచి, ఆమె ముందు మళ్లీ చెప్పించాడు. మిగతాది వినే ఓపిక ఆయనకు లేకపోయినా చెప్పాను. ఊరంతా ఒకే మాట మీద నిలబడ్డ పెద్ద ఫేవరెట్లు మాత్రం ఓడిన సార్లకంటే గెలిచిన సార్లే ఎక్కువ. పైగా, ఫేవరెట్ ఓడుతుందనే మాటా, మన గుర్రం గెలుస్తుందనే మాటా ఒకటి కావు.

“మిగిలిన గుర్రాలన్నీ కలిసి ఫేవరెట్‌ను ఓడిస్తాయండీ. మీరు కాసేది వాటిలో ఒక్కదాని మీద.”

“గా ఒక్కటి ఏదో ఎట్ల తెలుస్తది?”

“తెలియదు.”

“మరి గింత సైన్సు దేనికి సారూ?” అని ఆయన దుర్భిణీ అద్దాలు తుడుచుకున్నాడు.

వ్యవహారం ఇంతటితో ఆగేదే. కానీ ఒక శనివారం ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. పీటల మీద దంపతులిద్దరూ కూర్చోవాలి. గార్డుగారు ఒక్క పందెం చూసి వచ్చేస్తానని వెళ్లాడు. బంధువులు వచ్చారు, పురోహితుడు వచ్చాడు, ముహూర్తం వచ్చింది. గార్డుగారు రాలేదు. పురోహితుడికి ఆ తర్వాత విద్యానగర్‌లో మరో వ్రతం ఉంది. ఆయన చిలక్కొయ్యకున్న గార్డుగారి కండువా తెప్పించి, మడతపెట్టి, ఖాళీ పీట మీద ఉంచి, సంకల్పం చెప్పించాడు. ఐదు కథలూ గార్డుగారి భార్య కండువా పక్కన కూర్చునే వింది. హారతి సమయానికి గార్డుగారు చెప్పులు చేతపట్టుకుని లోపలికొచ్చి, తన కండువా మీద అక్షింతలు పడుతుండగా చూశాడు.

బంధువులు వెళ్లిపోయాక ఆమె నన్ను కూడా పిలిచింది.

“బాబూ, నువ్వు గూడ ఉండు. లెక్కలు తెలిసినోనివి, సాక్షిగ పనికొస్తవ్.” తర్వాత భర్త వైపు తిరిగింది. “సూడయ్యా, నలుగుట్ల నేను గుడ్డ పక్కన కూసున్న. ఇగ నాతోని కాదు. వచ్చే శనివారం పెద్ద పందెమున్నదంటివి గద. పో. ఒక్క టికెట్ కొను. గెలిస్తే నీ శనివారాలు నీయి, నేను నోరిప్ప. ఓడినవనుకో, మల్ల మలక్‌పేట గేటు దాటొద్దు. దీపం ముంగట ఒట్టెయ్యి.”

“ఎంత గెలవాలె?” అన్నాడాయన.

“నీ పైసలు ఎవలికి గావాలె? గెలిచినవా, లేదా, గంతే.”

ఆయన ఒట్టు వేశాడు. ఆ మొహం చూస్తే, రిటైరైన రోజున కూడా అంత వాడిపోయి ఉండదనిపించింది. ఆయనకు సిగరెట్టు లేదు, సినిమా లేదు, పేకాట లేదు. వారంలో మిగిలిన రోజులన్నీ శనివారానికి పక్క లైన్లో ఆగి ఉండేవే.

మర్నాడు పొద్దున్నే నా గదికి వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

“సారూ, కోపం పక్కన పెడుతున్న. నీ సైన్సు ఏమంటదో చెప్పు.”

ఇంత శుభ్రమైన సమస్య నా పరిశోధనలో ఎన్నడూ రాలేదు. మామూలుగా పందెంలో రెండు విషయాలు చూడాలి: గెలిచే అవకాశం, గెలిస్తే వచ్చే సొమ్ము. ఆమె షరతు సొమ్మును లెక్కలోంచి తీసేసింది. మిగిలింది అవకాశం ఒక్కటే. కాబట్టి ఎక్కువ అవకాశమున్న గుర్రం మీద, అంటే ఫేవరెట్ మీదే కాయాలి. ఆ పందెంలో మూడో నంబరు ఆడగుర్రం పెద్ద ఫేవరెట్. అది ఓడుతుందని పేపర్లో ఒక్కరూ రాయలేదు.

“అది తప్పకుండా గెలుస్తుందని నేను అనడం లేదు. మిగతా వాటికంటే దానికే ఎక్కువ అవకాశముంది.”

“అంటె మేల్‌కు పచ్చజెండా ఊపమంటవ్.”

“ఒక్కసారి.”

“ఒక్కసారి,” అన్నాడాయన కుర్చీలోంచి లేస్తూ.

శనివారం బస్సులో వెళ్లాం. దారి పొడుగునా ఆయన పెదవులు మూడు, మూడు అని కదులుతూనే ఉన్నాయి. మలక్‌పేటలో పందేనికి ముందు గుర్రాలను నడిపించే చోట కమ్మీల దగ్గర నిలబడ్డాం. మూడో నంబరు వచ్చింది. ఒళ్లంతా మెరుస్తోంది. ఎవరి వైపూ చూడకుండా నడుస్తోంది. మా వెనకున్న షేర్వాణీ పెద్దమనిషి తన స్నేహితుడితో, “ఆంఖ్ బంద్ కర్కే లగాదో మియా,” అన్నాడు. కళ్లు మూసుకుని కాయమని. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. గార్డుగారు ఒక్కడే ఊపలేదు. ఆ గుర్రం వెనకాల ఏడో నంబరు మెడ వేలాడేసుకుని, దారి ఇచ్చేందుకన్నట్టు పక్కకు జరిగి నిలబడింది.

టికెట్ల కిటికీ దగ్గర నేను ఆయన పక్కనే ఉన్నాను. లోపలి గుమాస్తా ఏ నంబరని అడిగాడు.

“సాత్,” అన్నాడు గార్డుగారు. ఏడో నంబరు.

“ఏం చేశారండీ!” అన్నాను.

ఆయన టికెట్టు జేబులో పెట్టుకున్నాడు. “ఏం చెయ్యను సారూ. గా మూడో నంబరు నడక చూస్తే మేల్ గార్డు యాదికొచ్చిండు. ఎన్నేండ్లు ఎదురుబడ్డా, చెయ్యి ఊపుతడు గని మొఖం చూడడు.”

మూడో నంబరు గెలిచింది. రెండో గుర్రానికి, దానికి మధ్య గార్డు కూర్చునే బ్రేకు వ్యాను ఒకటి పట్టేది. ఏడో నంబరు చివరి నుంచి రెండోదిగా వచ్చింది. గార్డుగారు దుర్భిణీ దించకుండా దాన్నే చివరిదాకా చూశాడు. ఒక్క పందెం దేన్నీ రుజువు చేయదని చెప్పబోయి, ఆ మాట ఇద్దరిలో ఎవరికీ ఉపయోగపడదని గ్రహించి ఊరుకున్నాను.

ఇంటికి వచ్చాం. ఆయన దుర్భిణీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని పాత చీర ముక్కలో చుట్టి పెట్టెలో పెట్టింది. తర్వాత ముగ్గురికీ చాయ్ పోసింది.

తరువాతి శనివారం ఆయన ఇంట్లోని తలుపు గొళ్లాలన్నిటికీ నూనె వేశాడు. ఆ పైవారం మళ్లీ వేశాడు. మూడోవారం ఆమే, ఎవరితోనో చెబుతున్నట్టుగా, “బయట గాలి మంచిగున్నది,” అన్నది. ఆయన చొక్కా తొడుక్కుని, నన్ను లాలాపేట వైపు రైలుకట్ట దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడొక చాయ్ దుకాణం ఉండేది. ఎదురుగా పక్క లైన్లో ఒక గూడ్సు ఆగి ఉంది.

“సారూ, ఇప్పుడు మేల్ వచ్చే టైము. ఏది ముందుగాల పోతది? ఓడినోడు చాయ్ ఇప్పియ్యాలె.”

నేను మేల్ అన్నాను. ఆయన గూడ్సు అన్నాడు. కాసేపటికి గూడ్సు కదిలింది. చివరి పెట్టెలోని గార్డుకు ఆయన లేచి నిలబడి చెయ్యి ఊపాడు. ఆ గార్డు కూడా ఊపాడు. చాయ్ నేను ఇప్పించాను. పై శనివారం కూడా గూడ్సే ముందు కదిలింది.

రెండుసార్లు వరసగా జరిగితే విచారించడం నా స్వభావం. విచారిస్తే తెలిసింది: ఆయన శనివారం పొద్దున్నే మౌలాలి యార్డుకు పోయి, పాత సహోద్యోగులను మేల్ ఎంత ఆలస్యంగా నడుస్తోందో అడిగి వస్తున్నాడు. మేల్ బాగా ఆలస్యమైతే గూడ్సునే ముందు వదులుతారు. ఈ సంగతి ఆమెతో చెప్పాను.

“నాకు ఎరికే బాబూ. గెలవనియ్యి జర,” అని ఆమె పెట్టె తెరిచి దుర్భిణీ తీసి నా చేతికిచ్చింది. “మలక్‌పేట గేటు గురించే గద ఒట్టు.”

ఆ శనివారం మేల్ బాగా ఆలస్యమని యార్డులో నేనూ కనుక్కున్నాను. కట్ట దగ్గర కూర్చోగానే దుర్భిణీ ఆయన చేతికిచ్చి, ఆయన నోరు తెరవకముందే, “నాది గూడ్సు,” అన్నాను. చాయ్ దుకాణం యజమాని కూడా తనది గూడ్సే అన్నాడు. పక్క బల్ల మీదున్న రైల్వే వర్క్‌షాపు కార్మికులిద్దరూ అదే మాటన్నారు.

గార్డుగారు దుర్భిణీ దించి మా అందరి మొహాలూ వరసగా చూశాడు. మేల్ ఎక్కడుందో ఆ బల్లల మీద కూర్చున్న అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

“అందరు గూడ్సు మీదనే కాస్తే గూడ్సే ఫేవరెట్ అయితది గద,” అన్నాడు. “నాది మేల్.”

గూడ్సు కదిలింది. ఆయన లేచి దాని గార్డుకు చెయ్యి ఊపి, కూర్చుని, అందరికీ చాయ్ చెప్పాడు.