తాబేలు గుంటలో మూడు మిరపకాయలు

దయ్యాల మాటెత్తితే నవ్వే మనిషిని నేను. "ప్రార్థన చేస్తారు గానీ దయ్యాల్ని నమ్మరా మేడమ్?" అని మా విద్యార్థులు ఆటపట్టిస్తుంటారు. దానికీ దీనికీ సంబంధం లేదని కసురుతాను. సముద్ర జీవశాస్త్రం నా వృత్తి. చీరాల దగ్గరి తీరంలో తాబేళ్ల గుడ్లు కాపాడే పని.

మాది సత్తెనపల్లి వైపు పల్లెటూరు. మా చర్చిలో కోతల పండుగకి ఎవరి పంటలో మొదటిది వాళ్లు తెచ్చి బల్ల మీద పెడతారు. పాస్టరు అయ్యగారు వాళ్ల పేరు చదివి ప్రార్థన చేస్తారు. నాన్న కళ్లంలో బాగా ఎండిన మిరపకాయలు మూడు ఏరి, మా చేలో పత్తినే వేళ్లతో పేని, ఆ దారంతో తొడిమలు కలిపి కట్టేవాడు. ఎడమచేతివాటం కాబట్టి ముడి తిరగేసి పడేది. ఆ ఘాటుకి ప్రార్థన మధ్యలో నేను తుమ్మేదాన్ని. ఇప్పుడు ఆ తుమ్ములు తలుచుకున్నా ముద్దొస్తాయి.

నాకు ఉద్యోగం వచ్చాక నాన్న ఏటా అడిగేవాడు, "నీ సముద్రం పంటలో మొదటిది ఎప్పుడు తెస్తావమ్మా?" అని. తాబేలు గుడ్డు తెస్తే జైల్లో పెడతారని నవ్వేసేదాన్ని.

నాన్న పోయిన ఏడాది పండుగకి వెళ్లకూడదనుకున్నాను. ఆయన లేని బల్ల దగ్గర వట్టి చేతులతో నిలబడటం నావల్ల కాదనిపించింది. ఆ ఏడు మేం మిరప కూడా వేయలేదు.

పండుగ ముందురోజు, రాత్రే రావాల్సిన తాబేలు ఒకటి ఆలస్యంగా, తెల్లారాక ఒడ్డుకొచ్చింది. అది ఇసుక తవ్వడం, గుడ్లు పెట్టడం, కప్పేసి వెళ్లిపోవడం అంతా పక్కనే కూర్చుని చూశాను. గుడ్లను మేం కంచె కట్టి పొదిగించే హేచరీకి మార్చాలని నేనే చేత్తో తీశాను.

ఆఖరి గుడ్డు కింద ఏదో గరగరలాడింది. మూడు మిరపకాయలు. తడి ఇసుకలో కూడా ఎండుగానే ఉన్నాయి, ఊపితే గింజలు గలగలమన్నాయి. పత్తి దారం. ముడి తిరగేసి ఉంది. ముందు తుమ్మాను, తర్వాత ఏడ్చాను.

అలలు తెచ్చాయనుకుందామంటే నానిపోవాలి. ఎవరో తుంటరిపని చేశారనుకుందామంటే ఆ గుంటని నా కళ్లముందే తాబేలు తవ్వింది. నాన్న ముడి సంగతి అక్కడ ఎవరికీ తెలీదు. ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకిప్పటికీ అంతుపట్టలేదు.

మర్నాడు ఊరెళ్లి వాటిని బల్ల మీద పెట్టాను. అమ్మ ఆ ముడిని తడిమి చూసింది.

"ఎవరి పేరు చదవమంటావమ్మా?" అన్నారు అయ్యగారు.

"తండ్రీకూతుళ్లిద్దరిదీ చదవండి అయ్యగారూ" అంది అమ్మ.