వదిలివెళ్ళే తల్లుల పాఠం

ఆ బడిలో పసిపిల్లల తరగతికి పాఠం చెప్పే ఆమెను అందరూ చిన్న టీచర్ అనేవారు. బడిని నడిపే ఆమె పెద్ద టీచర్. పిల్లలు చాటుగా ఆవిడకు సివంగి అని పేరు పెట్టుకున్నారు. వీళ్ళిద్దరూ ఇంట్లో తోడికోడళ్ళు. పొద్దున బడి గంటతో మొదలైన దెప్పిపొడుపులు సాయంత్రం ఇంట్లో కంచాలు కడిగేదాకా సాగేవి.

చిన్న టీచర్‌కు ఇది రెండో పెళ్ళి. మొదటి భర్త పోయి, చంటిపిల్లతో పుట్టింట్లో ఉన్నప్పుడు పెద్దామె మరిది ఆమెను ఇష్టపడ్డాడు. పెద్దామె ఒప్పుకుంది గానీ ఒక మెలిక పెట్టింది. "ఆ పిల్ల మాత్రం ఈ గడప తొక్కకూడదు" అంది. పిల్ల అమ్మమ్మ దగ్గరే ఉండిపోయింది. "కొన్నాళ్ళు పోతే అన్నీ సర్దుకుంటాయిలే" అన్నాడు భర్త. ఏళ్ళు గడిచినా ఏదీ సర్దుకోలేదు. పుట్టింటికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ పెద్దామె మూతి ముడుచుకునేది. వెళ్ళడమే తగ్గిపోయింది.

ఒకరోజు తరగతిలో చిన్న టీచర్ జంతువుల బొమ్మలు గోడకు అంటించి, ఏ తల్లికి ఏ పిల్లో చెప్పిస్తోంది. ఆవుకు దూడ, ఏనుగుకు గున్న, పులికి కూన. "సివంగికో?" అన్నాడొకడు. తరగతంతా గొల్లుమంది. నవ్వులు సద్దుమణిగాక రెండు జడల పిల్ల లేచి నిలబడింది.

"టీచర్, పిల్లల్ని వదిలేసి వెళ్ళిపోయే అమ్మలుంటారా?"

చిన్న టీచర్ బొమ్మల వైపు తిరిగింది. "ఉంటారమ్మా. తాబేలు ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది, మళ్ళీ చూడదు. కుందేలు రోజంతా పిల్లల దగ్గర ఉండదు. తన వాసన పట్టుకుని నక్క వస్తుందేమోనని భయం. పాలివ్వడానికి మాత్రం వస్తుంది, ఇచ్చి వెళ్ళిపోతుంది."

గుమ్మంలో నిలబడి వింటున్న పెద్దామె లోపలికి వచ్చింది. "పాఠం పేరు చెప్పి నీ కథ చెప్పుకుంటున్నావా? కన్నపిల్లను వదిలేసి వచ్చినదానివి, నీకెందుకే తల్లుల ఊసు?"

పిల్లలు బిక్కచచ్చిపోయారు. చిన్న టీచర్ ముఖం కందగడ్డలా అయింది.

"వదిలేయించింది ఎవరక్కా? గడప తొక్కకూడదన్నది నువ్వు కాదూ?"

"నోర్ముయ్! రేపటి నుంచి ఈ బడి ఛాయలకు రాకు."

"రేపటిదాకా ఎందుకు?" అని సంచీ భుజాన వేసుకుని బయటపడింది.

ఇంటికి పోలేదు. తిన్నగా బస్సెక్కి పుట్టింటికి వెళ్ళింది. దీపాలు పెట్టే వేళకు, బట్టల సంచీ పట్టుకున్న కూతురితో అత్తింటి ముందు దిగింది. పెద్దామె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎవర్నడిగి తెచ్చావు?"

"అడిగినందుకే ఇన్నాళ్ళూ వదులుకున్నాను. పక్కకు జరుగు."

భర్త వదిన వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. చివరికి పిల్ల చేతిలోని సంచీ అందుకుని తమ గదిలో పెట్టాడు. "పెళ్ళినాడు చెయ్యాల్సిన పని" అంది ఆమె, అతని ముఖం చూడకుండానే.

ఆ వారమే వంటింటి మధ్య అట్టలు అడ్డంగా కట్టి రెండు పొయ్యిలు పెట్టారు. తోడికోడళ్ళు ఇప్పటికీ మాట్లాడుకోరు. అనాలనుకున్నది గోడకు చెప్తారు. "కొందరికి కుళాయి కట్టెయ్యడం కూడా చేతకాదు" అంటుంది పెద్దామె. "కొందరికి నోరు కట్టేసుకోవడం చేతకాదు" అని ఇటునుంచి జవాబు వెళ్తుంది. చిన్నామెకు దూరంగా ఇంకో బడిలో పని దొరికింది.

పిల్ల మాత్రం తల్లిని "మీరు" అనే పిలుస్తుంది. జడ వేయబోతే తల లాక్కుంటుంది. ఒకరోజు అడిగేసింది.

"మళ్ళీ ఎప్పుడు పంపించేస్తారు?"

"ఇంక పంపను."

"వచ్చే వారం వస్తానని కూడా చెప్పేవారు. వచ్చేవారు కాదు."

తల్లి ఆ బట్టల సంచీ తెరిచి, పిల్ల బట్టలు తన బీరువాలో సర్దింది. ఆ ఇంట్లో ఆమెతో మనసు విప్పి మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. అయినా పిల్లను మళ్ళీ పంపలేదు.