సారయ్య సారు పెన్సిల్ లెక్క

సారయ్య సారు దేన్నీ అవుననడు, కాదనడు. నూటికి ఎంతో చెప్తడు. పొద్దుగాల చెప్పిన అంకె మాపటికి ఉంటదన్న నమ్మకం లేదు. అందుకే ఆయన నోటుబుక్కుల పెన్ను గీత ఒక్కటి దొరకది, అంతా పెన్సిలే.

సొంతూరు కోరుట్ల. సిరిసిల్ల కాలేజీల ఎకనామిక్స్ చెప్తడు. ఆయన్ను తిప్పే ఆటో మొండయ్యది. పదో తరగతి లెక్కలల్ల మూడుసార్లు తప్పి, తనకు నేర్పే సారు ఇంకా పుట్టలేదని తేల్చుకొని ఆటో ఎక్కినోడు.

"మా సారు వానను గూడ వాన అనడు," అని స్టాండుల చెప్పేటోడు మొండయ్య. "ఒక చుక్క పడితె ఎనభై, రెండో చుక్కకు తొంభై. నిలువున తడిసినా నూరు అనడు."

సకల జనుల సమ్మె రోజులు. దీక్ష టెంటుల కూసున్నోళ్లు సారును ఆపిండ్రు.

"సారూ, తెలంగాణ అస్తదా?"

"నూటికి అరవై రెండు."

"గదేం మాట? నూరు అనాలె."

"నిన్న యాభై ఎనిమిదే. ఇయ్యాల జనం పెరిగిండ్రు, నాలుగు పెంచిన."

తెల్లారి టెంటుల కాలు పెట్ట జాగ లేదు. మొండయ్యను అడిగితె, ఆ పెన్సిలుకు భయపడి రెండు మండలాలు కదిలినయంటడు.

బడులు బందు. సారుకు చేతినిండ సర్వే పని. మంచి సార్లున్న బడిల చదివినోడు ఎంత సంపాదిస్తుండు, సార్లు లేని బడిల చదివినోడు ఎంత సంపాదిస్తుండు అని జగిత్యాల దాక ఇల్లిల్లు అడుగుడు. ముందుగాల ఒక అందాజ రాసుడు, ఇల్లు దాటంగనె తుడిచి దిద్దుడు.

గట్లనే బట్ట నేసే సాంచాలు నడిపే చంద్రయ్య ఇంటికి పోయిండు. ఆయన బిడ్డ ఊర్మిలది పదో తరగతి. వాళ్ల బడికి లెక్కల సారే లేడు.

"బడులు తెరిచినా దీన్ని పంప. బీడీలకు కూసోబెడ్త," అన్నడు చంద్రయ్య. "పాసయ్యేది ఉంటె నువ్వే చెప్పు సారూ."

"ఇప్పుడైతె ముప్పై."

"బడులు తెరిచేనాటికి డెబ్బై దాటితె చదివిస్త."

అప్పటి సంది ఆటో రోజు ఆ గల్లీకే. అంకె దిద్దాలంటె సాక్ష్యం కావాలె గదా అని సారు ఊర్మిలకు ఒక లెక్క ఇస్తడు. రాకుంటె, ఎందుకు రాలేదో తెలుసుకునుడు గూడ సర్వేనే అని మూడు గంటలు కూసుంటడు. బయట మొండయ్య ఆవులించి ఆవులించి దవడ నొప్పి తెచ్చుకున్నడు.

బడులు తెరిచే ముందురోజు చంద్రయ్య బుక్కు అడిగిండు. అరవై తొమ్మిది. బీడీల చాట అప్పటికే అరుగు మీదికి వచ్చింది.

"రెండు కలిపితె మీ పెన్సిల్ అరుగుతదా సారూ?" అని చెవుల గునిగిండు మొండయ్య.

"ఉన్నదే రాయాలె. ఊర్మిలా, ఇంకొక్క లెక్క చెయ్యి బిడ్డా."

ఊర్మిల చేసింది. కొట్టేసింది. మళ్ల చేసింది.

"సారూ, ఈ లెక్క తెగది. మీరు ఇచ్చిన అంకెనే తప్పు."

సారు చూసుకున్నడు. తప్పే. ఆయన మొఖం వెలిగిపోయింది. తుడిచి డెబ్బై ఆరు రాసిండు. చంద్రయ్య చాట తీసి అటుక మీద పెట్టిండు.

తిరుగుదారిల మొండయ్య మొదలుపెట్టిండు. "గది సర్వే కాదు సారూ. మీరు చెప్పింది పాఠం."

"నూటికి తొంభై అయ్యుండొచ్చు."

"మరి నేను పాసయ్యేది ఎంత?"

సారు బుక్కు తీసి రాసిండు. "రెండు."

మొండయ్య నవ్విన నవ్వుకు ఆటో ఊగింది. సారు దిగి, పెన్సిల్ జేబుల పెట్టుకున్నడు.

"రేపు ఒక గంట ముందుగాల రా. ఆ రెండును మూడు చేద్దాం."