ఆయుధపూజ నాడు పీకిన కేబుల్

ఇన్నేళ్లుగా నేను మా పాత షావుకారుని అడుగుతున్నది ఒక్కటే ప్రశ్న. ఎదురుపడి అడిగాను. ఫోన్లో అడిగాను. వాళ్లింటి పెళ్లిలో బంతి భోజనాల దగ్గర కూడా అడిగాను. మారు కూర వడ్డించారు గానీ జవాబు మాత్రం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది నేను శ్రీకాకుళంలో ఒక మందుల హోల్‌సేల్ షావుకారు దగ్గర కంప్యూటర్లు చూసేవాణ్ని. కోటబొమ్మాళి నుంచి రైల్లో వచ్చేవాణ్ని. శ్రీకాకుళం, విజయనగరం కొట్ల బిల్లులన్నీ ఆఫీసు వెనక గదిలోని రెండు సర్వర్ల జత మీద ఆధారపడి ఉండేవి. పని చేసేది ఒకటే, రెండోది కాచుకుని ఉండేది. మధ్యలో ఒక కేబుల్. మొదటిది దాని గుండా ‘ఉన్నాను, ఉన్నాను’ అని చెబుతూ ఉంటుంది. ఆ మాట ఆగితే రెండోది పని అందుకుంటుంది.

చిక్కంతా ఇక్కడే. మొదటిది పాడైనా మాట ఆగుతుంది, ఊరికే కేబుల్ ఊడినా ఆగుతుంది. కేబుల్ ఊడితే రెండూ బతికే ఉండి, ఎవరికి వారు తామే పెద్ద అనుకుని, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఒకే డిస్కు మీద రాసేస్తాయి. ఇక అందులో ఏదీ నమ్మడానికి ఉండదు. అందుకని రెండోది ముందు మొదటిదాని కరెంటు తీసేసి, అది ఆగిందని తేల్చుకున్నాకే పని అందుకునేలా నేను సెట్టింగు పెట్టాను. కేబుల్ పీకి పరీక్షించాను కూడా. అనుకున్నట్టే జరిగింది. షావుకారు పక్కనే నిలబడి చూశారు.

“ఏటయ్యా ఇది, అన్న పేణం తీసి తమ్ముడు గద్దెక్కుతాడేటి?”

“పేణం కాదు బాబూ, కరెంటు. మళ్లీ ఆన్ సేసుకుంటే లేస్తాది.”

“ఏదైతే ఏటి. నా కొట్లో అలాటిది ఒద్దు. తీసెయ్.”

ఆయనా ఆయన తమ్ముడూ వ్యాపారం పంచుకుని, మాటలు మానేసిన రోజులవి. బాధ అర్థమైంది. అయినా తీయనని, తీస్తే మునుగుతామని ఆయన మొహం మీదే చెప్పాను. ఆఫీసు చూసుకునే ఆయన అల్లుడు గుమ్మంలో నిలబడి విన్నాడు.

“మా మావకి ఎదురు సెప్పినోడివి నువ్వొక్కడివే గురూ” అన్నాడు.

అది మెప్పు అనుకునేంత అమాయకుణ్ని కాను. సర్వర్ పాస్‌వర్డ్ నాతో పాటు అతనికీ, వాటిని అమ్మిన విశాఖపట్నం ఇంజనీరుకీ తెలుసు. ముగ్గురం ఒకే పేరుతో లోపలికి వెళ్లేవాళ్లం. ఎవరేం మార్చినా, మార్చింది ఫలానా అని తేలదు.

దసరా వచ్చింది. ఆయుధపూజ ముహూర్తం నాకు అసలు వేళ కంటే గంట ఆలస్యంగా చెప్పారు. నేను వెళ్లేసరికి కొబ్బరికాయ కొట్టేశారు. తక్కెడకీ వ్యానుకీ పెట్టినట్టే సర్వర్లకీ పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండలు వేశారు. దండలకి అడ్డొస్తోందని మధ్య కేబుల్ పీకి, చుట్టచుట్టి హారతి పళ్లెం పక్కన పెట్టారు. పూజ కాగానే రెండు ఊళ్ల కొట్లలోనూ శుభానికి బోణీ బిల్లు కొట్టడం వాళ్ల ఆనవాయితీ. ఆ బోణీ బిల్లుల్ని ఒకదాన్ని ఒక సర్వరూ ఇంకోదాన్ని ఇంకో సర్వరూ రాసుకున్నాయి. నేను చెప్పులు విప్పుతుండగానే విజయనగరం నుంచి ఫోను, స్టాకంతా తారుమారుగా కనిపిస్తోందని.

షావుకారు అందరి ముందూ నా మీదకి తిరిగారు.

“రెండో మిషను ఉండీ ఏటి లాభం? ఆ సంపే ఏర్పాటు తీసేస్తే ఇలాగవుతాదని గట్టిగా సెప్పొద్దేటి నువ్వు?”

అందరూ నావైపు చూశారు. ప్రసాదం పంచుతున్న చెయ్యి నా దగ్గర ఆగి, పక్కవాడి దగ్గరికి వెళ్లింది. ఆ చెయ్యి ఎవరిదో నాకు గుర్తుంది.

ఆ తర్వాతే నేను స్క్రీను ముందు కూర్చున్నాను. నిజమే, నేను పెట్టిన సెట్టింగు తీసేసి ఉంది. అల్లుణ్ని అడిగితే ఇంజనీరుని అడగమన్నాడు. ఇంజనీరు “మీ వాళ్లనే అడగండి సార్” అని ఫోను పెట్టేశాడు. సాయంత్రానికి గది తాళం నా దగ్గర్నుంచి తీసుకున్నారు. ఆ తర్వాత ఏ కొట్టుకి పనికి వెళ్లినా, మందుల షావుకారు సర్వర్లు పాడుచేసింది నువ్వేనా అనే అడిగారు.

బాబూ, మీరు అరిచేటప్పటికి నేను కంప్యూటరు ముట్టుకోలేదు. ఆ సెట్టింగు తీసేశారని అప్పటికి నాకే తెలియదు. మీకెలా తెలిసింది? అల్లుడు చెప్పాడా, ఇంజనీరు చెప్పాడా, మీరే తీయించారా? చెప్పండి.