గోదారి వంతెన మీద ముందెవరు

ఖానాపురం హవేలిలో నాకు సైకిల్ షాపుంది. నేను మాత్రం స్కూటర్ మీదే తిరుగుతాను. మొన్న చలికాలంలో లూక్ అనే ఫ్రెంచాయన టైరు కోసం మా షాపుకొచ్చాడు. అరవై దాటిన మనిషి. పన్నెండేళ్లు జీతానికి సైకిల్ పందేలు తొక్కి, రిటైరయ్యాక దేశాలు తిరుగుతున్నాడట. ఆయన ఇంగ్లిషూ నా ఇంగ్లిషూ రెండూ సెకండ్ హ్యాండ్ సరుకే కనుక మాట సులువుగా కుదిరింది.

“ఎన్ని గెలిచినవ్ సార్?”

“ఒక్కటీ లేదు.”

టైరు మీద తగ్గించింది మళ్లీ పెంచుదామా అనిపించింది. ఆయన పని గెలవడం కాదట. జట్టులో పెద్ద ఆటగాడికి ముందు తొక్కుతూ, ఎదురుగాలి తన ఒంటి మీద కాసుకోవడం. ఆ నీడలో వెనకవాడు అలవకుండా వస్తాడు. చివర్లో ఈయన పక్కకు తప్పుకుంటే వాడు పోయి గెలుస్తాడు. చిన్నప్పుడు మా నాన్న కిరాణా కొట్లో అన్న గల్లాపెట్టె దగ్గర, నేను బస్తాల కింద. వెంటనే అర్థమైంది.

మర్నాడు భద్రాచలం పోతానన్నాడు. “నేనూ గుడికి పోయేదుంది, సంచి బస్సులో నేను తెస్తా సార్, ఉత్త సైకిల్ మీద రా” అన్నాను. సంచికి టికెట్ లేదు. ఊరికే వచ్చేదాన్ని వదులుకోవడం మా ఇంటావంటా లేదు. ఆయన ఫోనూ, గుండెకు వేసుకునే మాత్రలూ ఆ సంచిలోకే పోయాయి. ఎనిమిదికి కొత్తగూడెం బస్టాండులో టిఫిన్ తిని మాత్ర వేసుకోవాలని ఒప్పందం.

ఆయన చీకటితోనే బయల్దేరాడు. నేను ఆరు గంటల బస్సెక్కాను. ఆయన్ని ఇంకా దాటకముందే ఏన్కూరు దగ్గర మా బస్సు టైరు పేలింది.

“స్టెప్నీల గూడ గాలి లేదు. ఇంకో బస్సొస్తది, కూసోండ్రి” అంది కండక్టరమ్మ.

ఇన్నేళ్లు టైర్లకు గాలి కొట్టి బతికినవాణ్ని, రోడ్డు మీద చేతులు పిసుక్కుంటూ తిరిగాను.

“ఏంది బిడ్డా, పెండ్లిపిల్ల లేచిపోయినట్టు గట్ల తిరుగుతున్నవ్?” అంది మూట మీద కూర్చున్న పెద్దమ్మ.

“మా సారు గుండె మందులు నా దగ్గరున్నయ్ పెద్దమ్మా.”

“మందులు నీకాడ, మనిషి ఇంకోకాడనా? మంచి తెలివే!”

కొత్తగూడెం చేరేసరికి తొమ్మిదిన్నర. బస్టాండంతా వెతికాను. చివరికి చాయ్ కొట్టాయన చెప్పాడు: “తెల్లాయనా? చానాసేపు నిలబడ్డడు. భద్రాచలం బస్సు పోతుంటే చెయ్యి ఊపి, దాని ఎనకాల పడ్డడు.”

నేను అందులో ఉన్నాననుకున్నాడు! గుండె జబ్బు మనిషి, మాత్ర లేకుండా, బస్సుతో పందెం.

తర్వాతి బస్సులో డ్రైవరు వెనక నిలబడ్డాను. పాల్వంచ దాటాక అడవి మొదలైంది. చూసేవాళ్లకు బాగుంటుందంటారు. నాకు మాత్రం పక్కన తెల్లగా కనబడిన ప్రతిదీ, కిలోమీటరు రాయీ, ఆరేసిన పంచే, పడిపోయిన మనిషిలాగే కనిపించింది.

బూర్గంపాడు క్రాస్ రోడ్డులో హోటల్ గుంజకు ఆనించి ఆయన సైకిల్. “ఆపు, ఆపు!” అని అరిచి దూకాను. లూక్ బల్ల మీద కూర్చుని రొమ్ము నిమురుకుంటున్నాడు. తెల్లవాడు పాలిపోతే ఎట్లుంటాడో నాకేం తెలుసు? ముందు మాత్ర నోట్లో వేశాను.

“ఈ వయసుల బస్సుతోటి పందెమా సార్?”

“ఓడిపోవడం నాకు అలవాటే” అని నవ్వాడు.

ఆటోలో భద్రాచలం దవాఖానాకు పోదామన్నాను. పోదాం గానీ సైకిల్ మీదే అన్నాడు. అరగంట బేరం. జీవితంలో నేను ఓడిన బేరం అదొక్కటే, కానీ ఒక షరతు పెట్టాను: నేను ముందు, ఆయన వెనక. హోటలామె తన భర్త సైకిల్ ఇచ్చింది, సంచి దాని వెనక కట్టాను.

“సీటు గట్టిగుంటది అన్నా, తర్వాత నన్ననొద్దు.”

వంతెన మీద గోదారి గాలి మొహాన తన్నింది. నేను ఒగరుస్తుంటే లూక్ పక్కనుంచి ముందుకొచ్చేశాడు. పన్నెండేళ్ల అలవాటు.

“బేరం బేరమే సార్! ఎనకకు పో!”

వెనక్కి తగ్గాడు. పక్కనే లారీలు, తల తిప్పి చూడలేను. చెవులు వెనక్కి పెట్టాను. ఖరీదైన సైకిల్ తొక్కుతుంటే చప్పుడు చేయదు, తొక్కడం ఆపితేనే వెనక చక్రం టకటకమంటుంది. చప్పుడు లేదు. అంటే ఇంకా తొక్కుతూనే ఉన్నాడు, లేదా అసలు లేడు. నా పొట్టనీ వీపునీ వీలైనంత వెడల్పు చేసి తొక్కాను. వంతెన సగం దాటాక వినబడింది: టకటకటక. కాళ్లాపి నా నీడలో వస్తున్నాడు.

దవాఖానాలో డాక్టరమ్మ ఆయన్ని అంతా చూసి, “ఈయన బానే ఉన్నరు. మీ బీపీ చూద్దాం రండి” అంది.

“వెనక ఇంత హాయిగా ఉంటుందని పన్నెండేళ్లలో నాకెవరూ చెప్పలేదు” అన్నాడు లూక్. మర్నాడు పొద్దున సముద్రం వైపు పోయాడు. మాత్రలు ఆయన జేబులో పెట్టి, నేనే గుండీ పెట్టాను. ఆ దారిన పోయేవాళ్లకు నేను చెప్పేదీ అంతే: మందులు మనిషితోనే పోవాలి.

రెండింటి బస్సులో తిరుగు ప్రయాణం. హోటలామె సైకిల్ పైన కట్టించాను, క్రాస్ రోడ్డులో దింపాలని. బస్సు వంతెనెక్కగానే గాలికి దాని చక్రం తిరిగింది. నెత్తి మీద టకటకటక. రెండు రోజుల్లో మొదటిసారి కళ్లు మూతపడ్డాయి.

“సేఠ్, క్రాస్ రోడ్డు దాటినం, సైకిల్ నీదేనా?” అని కండక్టరు లేపాడు.