చూసి చెప్పమన్న మావయ్య

మా మావయ్య గురువారం ఉదయం గుండెపోటుతో బిలాస్‌పూర్‌లో, తెలిపారా పేటలోని ఇంట్లో పోయారు. ఆ రోజే ఆయన తన ఆఫీసు సిబ్బందికి రెండోసారి పెట్టాల్సిన పరీక్ష ఆగిపోయింది. దానికి వాళ్లలో కొందరు ఊపిరి పీల్చుకుని ఉంటారు.

ఆయన రైలింజన్లు నడిపి, తర్వాత డ్రైవర్లకు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆపైన ఒక ప్రైవేటు ఆఫీసులో శిక్షణ బాధ్యత తీసుకున్నారు. అది రిటైరైనవాళ్ల వైద్య క్లెయిములు చూసే ఆఫీసు. అక్కడ కాగితాలు చదివి సారాంశం రాసే ఏఐ వచ్చింది. ఇంజన్లో డ్రైవరు సిగ్నల్ రంగు పైకి చెబుతాడు, అసిస్టెంటు తనూ చూసి మళ్లీ చెబుతాడు. మావయ్య అదే పద్ధతి పెట్టారు. ఒకరు ఏఐ రాసింది గట్టిగా చదవాలి, ఇంకొకరు అసలు కాగితం మీద వేలు పెట్టి సరిచూడాలి.

"ఇదేమైనా ఇంజనా అంకుల్?" అందట ఒకమ్మాయి.

"ఇంజనైతే బ్రేకుంటాదమ్మా" అన్నారట.

నేను పత్రికకు రాసే వార్తలనూ వదిలేవారు కాదు. పొద్దున్నే ఫోన్ చేసి "నువ్వు సూసినావేటి, ఎవులైనా సెప్పినారేటి?" అనేవారు. విసుగొచ్చేది.

మొన్న వానాకాలంలో మా వీధిలో ఒకామె తన భర్త ఆసుపత్రి ఖర్చుల కోసం తెలుగులో అర్జీ పెట్టుకున్నారు. ఆఫీసు పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. మొదటి పేజీ మాత్రం ఫోటో తీసి ఏఐకి ఇచ్చారు. ఒకరు సారాంశం చదివారు, ఇంకొకరు వేలు పెట్టి తలూపారు. డిశ్చార్జి కాగితం లేదని క్లెయిము కొట్టేశారు. అది రెండో పేజీ వెనకే పిన్ను చేసి ఉంది.

మావయ్య పోట్లాడి ఆ క్లెయిము తిరిగి తెరిపించారు. తర్వాత అందరికీ పరీక్ష పెట్టారు. ఏఐ పనిలో మీరు స్వయంగా పట్టుకున్న ఒక తప్పు రాయండి అన్నది ప్రశ్న. అందరూ ఒకే తప్పు రాశారు, ఒకే రోగి గురించి. అలాంటి రోగి ఆఫీసు దస్త్రాల్లోనే లేడు. జవాబూ ఏఐయే రాసిపెట్టింది.

మేనేజరు మాత్రం, "అచ్ఛా అంకుల్, శిక్షణ పూర్తయిందని సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టేయండి, ఆగే దేఖేంగే, మిగతాది తర్వాత చూద్దాం" అన్నాడు.

"సంతకం ఎడితే నేనూ సూడకుండా సెప్పినట్టే బాబూ" అన్నారు మావయ్య. పెట్టలేదు.

శుక్రవారం ఆఫీసు నుంచి సంతాప సందేశం వచ్చింది. బ్యాంకింగ్ రంగానికి ఆయన చేసిన సేవలను కొనియాడారు. ఆయన ఏ బ్యాంకులోనూ పనిచేయలేదు.

పరీక్ష మళ్లీ ఎప్పుడో చెప్పలేదు. మా వీధిలోని ఆమె క్లెయిము మాత్రం సోమవారం పదకొండింటికి మళ్లీ చదువుతారు. అసలు అర్జీ మీద వేలు పెట్టాల్సిన కుర్చీలో తెలుగు చదవగలిగినవాళ్లు కూర్చోవాలి. ఆఫీసులో అలాంటివారు మావయ్య ఒక్కరే. ఎవరిని కూర్చోబెడతారని అడిగితే మేనేజరు చూద్దామన్నాడు.

ఆ మాట ఆమెకు చెప్పాను. కళ్లద్దాలు తెచ్చుకుని తానే వచ్చి కూర్చుంటానన్నారు.